గిటార్‌కి లావు తీగలేస్తే సౌండ్ నిజంగా పెరుగుద్దా?

పది సెట్టు వెయ్యాలా, పదకొండా, పన్నెండా? విజయనగరంలో గిటార్ పట్టిన కుర్రాళ్ళలో ఈ ప్రశ్న అడగనోడు ఉండడు. ఎక్కువగా అడిగేది చర్చిలో క్వయర్‌తో వాయించేవాళ్ళు, లేకపోతే కాలేజీ ఫెస్ట్‌లో మైకు సరిగ్గా పెట్టక తన గిటార్ తనకే వినబడక నీరసపడిపోయినోళ్ళు. మాట దాదాపు ఇలాగే నడుస్తుంది. "అన్నయ్యా, కీబోర్డు, డోలక్ మధ్యలో నాది ఏటీ వినబడ్డం నేదు, పన్నెండు ఏసీమంటావా?" "ఏసీ. గానీ నీ చెయ్యి ఎలాటిదో సెప్పు ముందు." ఆ రెండో మాటలోనే విషయం అంతా ఉంది, కానీ అడిగినోడు అది వినడు, అప్పటికే ఫోన్‌లో పన్నెండు సెట్టు ఆర్డర్ పెట్టేస్తూ ఉంటాడు.

లావు తీగంటే పెద్ద సౌండు, సన్న తీగంటే పీల సౌండు అని అందరూ చెప్పేస్తారు. అది సగం నిజం. మిగతా సగం తెలీకపోతే వేళ్ళు కోసుకుపోవడం తప్ప మిగిలేదేమీ ఉండదు, అందుకే కాస్త ఓపిగ్గా, మొదట్నుంచీ చూద్దాం.

ముందు ఆ నంబర్ల సంగతి. పన్నెండు సెట్టంటే పన్నెండు తీగలని కాదు (కొత్తవాళ్ళు నిజంగానే అలా అనుకుని పన్నెండు తీగల గిటార్ ప్యాకెట్ తెచ్చేసుకుంటారు). అది అంగుళంలో వెయ్యో వంతుల లెక్క. అన్నింటికన్నా సన్నగా ఉండే మొదటి తీగ అంగుళంలో వెయ్యికి 12 వంతుల మందం, అంటే 0.30 మిల్లీమీటర్లు. పది సెట్టులో అదే తీగ 0.25, పదమూడు సెట్టులో 0.33. పదికీ పన్నెండుకీ మధ్య తేడా 0.05 మిల్లీమీటరే, కంటికి ఆనదు కానీ మొదటి ఎఫ్ కార్డు (ఒక వేలితో తీగలన్నీ అడ్డంగా నొక్కే పట్టు) పట్టగానే వేలికి తెలిసిపోద్ది. ప్యాకెట్ మీద 12-53 అని ఉంటే సన్నది 12, లావుది 53, ఆ లావుది 1.35 మిల్లీమీటర్లు. మామూలుగా దొరికేవి 10-47, 11-52, 12-53, 13-56, కంపెనీని బట్టి రెండో నంబరు ఒకటో రెండో అటూ ఇటూ ఉంటుంది. ఇంకో తికమక ఏటంటే పన్నెండుని కంపెనీవాళ్ళు 'లైట్' అంటారు, పదమూడుని 'మీడియం' అంటారు. లైట్ అని రాసుంది కదా మెత్తగా ఉంటుందేమో అనుకుని కొన్నోడి వేళ్ళు వారం రోజులు మండుతాయి. పేరు చూడకండి, నంబరు చూడండి.

ఇప్పుడు అసలు లెక్క. తీగ ఏ శ్రుతిలో మోగుద్దో మూడు విషయాలు నిర్ణయిస్తాయి: పొడవు, బిగువు, బరువు. ఈ సూత్రాన్ని మెర్సెన్ అనే ఫ్రెంచి సన్యాసి 1636లో అచ్చు వేయించాడు, ఇప్పటికీ ప్రపంచంలో ప్రతి తీగ వాయిద్యమూ దాని ప్రకారమే నడుస్తోంది. గిటార్‌లో పొడవు మార్చలేం, నట్ (మెడ చివర తీగలు ఆనే పట్టీ) నుంచి బ్రిడ్జి (డబ్బా మీద తీగలు కట్టే చెక్క ముక్క) దాకా దాదాపు 25.5 అంగుళాలు, దాన్ని ఫ్యాక్టరీలోనే ఖాయం చేసేశారు. శ్రుతి కూడా మార్చం, మొదటి తీగ ‘ఈ’ (E) అనే స్వరంలోనే ఉండాలి, సెకనుకి 330 కంపనాలు దగ్గర దగ్గర. పొడవు మారక, శ్రుతి మారక, తీగ బరువు మాత్రం పెరిగితే ఇంక మారడానికి మిగిలింది బిగువొక్కటే. బరువైన తీగని అదే శ్రుతికి తేవాలంటే తీగ బిగించే కీ ఎక్కువ తిప్పాలి, అంతే. కాబట్టి తీగ మందం మార్చడం అంటే నిజానికి గిటార్ మీద పడే లాగుడు మార్చడం. సౌండులో వచ్చే మార్పులు చాలావరకు దాని వెనకాలే వస్తాయి.

ఈ పెరుగుదల మనం అనుకున్నంత మెల్లగా ఉండదు. తీగ బరువు మందం వర్గాన్ని బట్టి పెరుగుద్ది, బిగువూ అలాగే. పది మీద నుంచి పన్నెండుకి వెళ్తే మొదటి తీగ మందం ఐదో వంతు పెరిగింది, దాని బిగువు మాత్రం 44 శాతం పెరిగింది. కిలోల్లో చెప్పాలంటే పది సెట్టులో మొదటి తీగ ఒక్కటీ సుమారు ఏడున్నర కిలోలు లాగుద్ది, పన్నెండులో పదిన్నర, పదమూడులో పన్నెండు దాటుద్ది. ఆరు తీగలూ కలిపితే పది సెట్టు 60 కిలోల చుట్టుపక్కల, పన్నెండు సెట్టు 70 దాటి, పదమూడు సెట్టు 80 దాటి. ఒక మనిషి బరువు రాత్రీ పగలూ గిటార్ డబ్బా మీది ఆ పల్చటి చెక్కకి వేలాడుతున్నట్టే లెక్క, మూడు మిల్లీమీటర్ల మందం కూడా ఉండని చెక్క అది. ఆ చెక్క లోపల అడ్డంగా గుణకారం గుర్తులా వేసే పట్టీలు చూశారా, మార్టిన్ కంపెనీవాళ్ళు 19వ శతాబ్దంలోనే ఆ పద్ధతి వాడటం మొదలెట్టారు. తర్వాత ఉక్కు తీగలు వచ్చినప్పుడు ఆ లాగుడుకి ఆ పట్టీలే నిలబడ్డాయి.

సరే, లాగుడు పెరిగితే సౌండ్ ఎందుకు పెరగాలి? ఇక్కడే చాలామంది తప్పటడుగు వేస్తారు, ఎందుకంటే తీగే మోగుతోందని వాళ్ళ లెక్క. తీగకి గాలిని కదిపే వెడల్పే లేదు, అర మిల్లీమీటరు కూడా లేని తీగ గాలిని కోసుకుంటూ పోతుంది తప్ప నెట్టలేదు. ఎలక్ట్రిక్ గిటార్ ప్లగ్ తీసేసి వాయించి చూడండి, ఆ సన్నటి చప్పుడే తీగ సొంత సంపాదన. ఎకూస్టిక్‌లో మనం వినేది ముందు చెక్క మోత, అందరూ టాప్ అంటారే, అది. తీగ ఊగుతూ బ్రిడ్జిని సెకనుకి వందలసార్లు కుదుపుతుంది, బ్రిడ్జి టాప్‌ని ఊపుద్ది, టాప్ గాలిని నెడుతుంది. కాబట్టి అడగాల్సిన ప్రశ్న 'లావు తీగ గట్టిగా మోగుద్దా' అని కాదు, 'లావు తీగ బ్రిడ్జిని ఎక్కువ బలంగా కుదుపుద్దా' అని.

దీనికి జవాబు మీరు తీగని ఎలా మీటుతారన్న దాని మీద ఉంటుంది. తీగని రెండు మిల్లీమీటర్లు పక్కకి లాగి వదిలారనుకోండి. పదికీ పన్నెండుకీ అదే రెండు మిల్లీమీటర్లు. అప్పుడు పన్నెండు 44 శాతం ఎక్కువ బలంతో బ్రిడ్జిని కుదుపుద్ది, ఎందుకంటే బిగువు అంత ఎక్కువ. డెసిబెల్స్‌లో అది 3కి కాస్త పైన. 3 డెసిబెల్స్ అంటే చెవికి తెలుస్తుంది, 'కొంచెం పెరిగింది' అనిపిస్తుంది, అంతేగానీ రెట్టింపు సౌండ్ కాదు, మనిషి చెవికి రెట్టింపు అనిపించాలంటే దాదాపు 10 డెసిబెల్స్ కావాలి. కానీ ఆ రెండు మిల్లీమీటర్లు లాగడానికి మీ వేలు కూడా 44 శాతం ఎక్కువ బలం పెట్టింది, ఆ సంగతి ఎవరూ చెప్పరు. బలం పెంచకుండా ఎప్పటి చేతితోనే మీటితే ఏమవుద్ది? లావు తీగ తక్కువ దూరం కదులుతుంది, బిగువు ఎంత పెరిగిందో కదలిక అంత తగ్గుద్ది, రెండూ చెల్లుకుచెల్లు, బ్రిడ్జి మీద పడే కుదుపు రెండు తీగలకీ ఒకటే. అంటే మెత్తగా వాయించేవాడికి పన్నెండు వేసినా పదమూడు వేసినా సౌండ్ పెరిగేది ఏమీ లేదు, పైగా వేళ్ళకి నొప్పి అదనం.

మరి పన్నెండు వేసినవాళ్ళ గిటార్ నిజంగానే గట్టిగా వినబడుతుంది కదా అంటారు. వినబడుతుంది, వాళ్ళు గట్టిగా కొడుతున్నారు కాబట్టి. సన్న తీగని గట్టిగా కొడితే అది విపరీతంగా ఊగి ఫ్రెట్లకి (మెడ మీద అడ్డంగా ఉండే లోహపు మెట్లు) తగిలి 'జర్ర్' మంటుంది, కొట్టిన క్షణంలో శ్రుతి పైకి ఎగిరి మళ్ళీ కిందకి జారుతుంది, అక్కడితో దాని హద్దు అయిపోయింది. లావు తీగ అదే దెబ్బకి తక్కువ ఊగుద్ది కాబట్టి ఇంకా గట్టిగా కొట్టడానికి చోటు ఇస్తుంది. సౌండ్ వచ్చేది మీ చేతి నుంచే, లావు తీగ దానికి హద్దు కాస్త దూరం జరుపుద్ది. చర్చిలో లావుపాటి పిక్ (తీగ మీటే బిళ్ళ) పట్టుకుని భుజం నుంచి తీగలన్నీ కలిపి స్ట్రమ్ చేసేవాడికి పన్నెండు ఉపయోగమే. గదిలో కూర్చుని వేళ్ళతో మెత్తగా మీటుకునేవాడికి అది దండగ. అందుకే ఆ అన్నయ్య 'నీ చెయ్యి ఎలాటిదో సెప్పు' అన్నది.

లావు తీగే సౌండ్ అని ఇంకా నమ్మేవాళ్ళకి ఒక్క ఉదాహరణ. ఫ్రాన్స్‌లో 1932 నుంచి సెల్మర్ కంపెనీ చేసిన గిటార్లు ఉన్నాయి, జాజ్ గిటారిస్టు జాంగో రైన్‌హార్ట్ వాయించిన రకం. ఆంప్లిఫయర్ లేకుండా డాన్స్ హాల్లో జనం మధ్యలో వినబడాలని చేసినవి. ఆ బాణీ వాయించేవాళ్ళు ఇప్పటికీ వేసేది పది, పదకొండు సెట్లే. కాకపోతే ఆ గిటార్ టాప్ తేలిగ్గా చేశారు, తీగ పొడవు 670 మిల్లీమీటర్లు, మన మామూలు గిటార్ కన్నా రెండు సెంటీమీటర్లు ఎక్కువ, దాంతో అదే తీగకి బిగువు ఏడు శాతం దాకా పెరుగుద్ది, పైగా కుడి చెయ్యి పిక్‌తో కసిగా కొట్టే పద్ధతి. సన్న తీగతో పెద్ద సౌండ్, చెక్కా చెయ్యీ కలిసొస్తే.

దీనికి తిరగేస్తే మన దగ్గర కథ వస్తుంది. మనవాళ్ళలో చాలామంది మొదట కొనేది నాలుగు వేలు, ఐదు వేల గిటార్, దాని టాప్ ప్లైవుడ్ లాగా పొరలు అంటించింది, బరువుగా బిర్రుగా ఉంటుంది. దానికి పది సెట్టు వేస్తే టాప్‌ని కదపడానికి చాలక సౌండ్ డబ్బాలో రాయిలా ఉంటుంది, పన్నెండు వేసి గట్టిగా కొడితే కాస్త మెరుగవుద్ది, కానీ ఆ రేటు గిటార్లో బ్రిడ్జి జిగురు, మెడ పనితనం ఎలా ఉంటాయో తెలుసు కదా, కొన్ని నెలల్లో బ్రిడ్జి వెనక టాప్ ఉబ్బుతుంది, తీగలు పైకి లేస్తాయి, మూడో ఫ్రెట్ దాటితే నొక్కలేరు. నా లెక్కలో అలాంటి గిటార్‌కి పదకొండే సరైనది, ఇంక సౌండ్ కావాలంటే మైకు దగ్గరికి జరగండి.

తీగ ఎంతసేపు మోగుద్ది అన్నది ఇంకో గొడవ. లావు తీగ ఎక్కువసేపు మోగుద్దని ఒకడు, కాదని ఇంకోడు, ఇద్దరి దగ్గరా కొంత నిజం ఉంది. గట్టిగా మీటిన లావు తీగలో దాచుకున్న శక్తి ఎక్కువ. కానీ లావు తీగ టాప్‌ని బాగా కదుపుద్ది కాబట్టి ఆ శక్తి బయటికి పోయేదీ త్వరగానే. కుండ పెద్దదే, చిల్లూ పెద్దదే. సన్న తీగ చెక్కకి నెమ్మదిగా ఇస్తుంది, కానీ గాలి రాపిడికి దాని శక్తి ఎక్కువగా పోతుంది. చివరికి ఏది గెలుస్తుందో గిటార్ని బట్టి, ఒకే గిటార్లో స్వరాన్ని బట్టి కూడా మారుద్ది. ఒక ఫ్రెట్ దగ్గర గంటలా మోగి పక్క ఫ్రెట్ దగ్గర టక్కున చచ్చిపోయే గిటార్లు చూసే ఉంటారు, ఆ స్వరం దగ్గర టాప్ తీగ శక్తిని ఒక్కసారే లాగేసుకుంటోందన్నమాట.

ఇక సౌండ్ గుణం గురించి. ఇది నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం.

తీగ మోగినప్పుడు ఒక్క స్వరం రాదు. అసలు స్వరం, దానికి రెండింతలు, మూడింతలు, నాలుగింతలు, ఇలా పైకి మెట్లు మెట్లుగా చాలా స్వరాలు కలిసి వస్తాయి, వాటి పాళ్ళని బట్టే సౌండ్ గలగలమంటుందా, గుమ్మంటుందా అన్నది. పూర్తిగా మెత్తని తీగైతే ఆ మెట్లు కచ్చితంగా రెండు, మూడు, నాలుగింతలు ఉంటాయి. కానీ ఉక్కు తీగకి బిరుసుతనం ఉంది, వంచితే తిరగబడుతుంది, దాంతో పై మెట్లు ఉండాల్సిన దానికన్నా కాస్త ఎక్కువ శ్రుతిలో మోగుతాయి. తీగ లావయ్యేకొద్దీ ఆ బిరుసు పెరుగుద్ది, పై మెట్లు ఇంకా పక్కకి పోతాయి. ఇంకోటి కూడా ఉంది, పిక్‌తో లాగినప్పుడు సన్న తీగ ఆ చోట కోసుగా మడత పడుతుంది, బిరుసు తీగ గుండ్రంగా వంగుతుంది, ఆ కోసు ఎంత పదునుగా ఉంటే పై స్వరాలు అంత ఎక్కువ పుడతాయి. అందుకే సన్న తీగ సౌండ్ 'తళతళ' మన్నట్టు, లావు తీగది నిండుగా, కొంచెం మసక్గా అనిపిస్తుంది.

ఇది ఇలాగే ఆరో తీగ దాకా పోతే గిటార్ అనేదే ఉండేది కాదు. 1.35 మిల్లీమీటర్ల ఉత్త ఉక్కు కడ్డీ వేస్తే అది తీగలా కాదు, ఇనప ఊచలా 'టంగ్' మంటుంది. కావాల్సింది బరువు, అక్కర్లేనిది బిరుసు. అందుకే లోపల సన్నటి ఉక్కు తీగ పెట్టి పైన కంచు తీగ చుడతారు, లాగుడంతా లోపలి ఉక్కు మోస్తుంది, కంచు చుట్లు బరువు మాత్రం ఇస్తాయి, చుట్టుకీ చుట్టుకీ మధ్య వంగుతాయి కాబట్టి బిరుసు పెద్దగా పెంచవు. ఆరో తీగ మొత్తం మందంలో లోపలి ఉక్కు సగం కూడా ఉండదు. వీణ వాయించేవాళ్ళకి ఇది కొత్త సంగతేం కాదు, సారణి, పంచమం ఉత్త ఉక్కు తీగలు, మంద్రం, అనుమంద్రం చుట్టిన తీగలు, కారణం ఇదే.

దీన్ని కంటితో చూడాలంటే మీ గిటార్ బ్రిడ్జి మీదున్న తెల్లటి శాడిల్‌ని (తీగలు ఆనే పట్టీ) వెలుతురులో దగ్గరగా పెట్టుకుని చూడండి. చాలా గిటార్లలో అది సూటిగా ఉండదు, ఏటవాలుగా ఉండి రెండో తీగ దగ్గర ఒక గాడి వెనక్కి కోసి ఉంటుంది, పక్కనే మూడో తీగ దగ్గర మళ్ళీ ముందుకి వచ్చేస్తుంది. తయారీలో తేడా అనుకునేరు, కావాలనే అలా కోస్తారు. రెండో తీగ సెట్టులో అన్నిటికన్నా లావైన ఉత్త ఉక్కు, పన్నెండు సెట్టులో అది 16. బిరుసు ఎక్కువ కాబట్టి పై ఫ్రెట్లలో శ్రుతి పైకి పోతుంది, దాన్ని సరిచెయ్యడానికి పొడవు ఒక పిసరు పెంచారు. మూడో తీగ 24, లావులో రెండోదానికి ఒకటిన్నర రెట్లు, కానీ చుట్టిన తీగ, లోపలి ఉక్కు ఆ 16 కన్నా సన్నం, బిరుసు తక్కువ, కాబట్టి అంత పొడవు అక్కర్లేదు. బయటి మందం చూసి తీగ స్వభావం చెప్పకూడదని ఆ రెండు మిల్లీమీటర్ల గాడి చెప్తోంది. అన్నట్టు ఎలక్ట్రిక్ గిటార్ పది సెట్టు చవగ్గా ఉందని ఎకూస్టిక్‌కి వేసేస్తారు కొంతమంది, అందులో మూడో తీగ చుట్టినది కాదు, ఉత్త ఉక్కు 17, మిగతావి కంచు కాదు నికెల్ చుట్టు, ఆ సౌండ్ పీలగా ఉందని మళ్ళీ తీగ సన్నం మీద నేరం వేస్తారు.

లావు తీగ వేస్తే బేస్ పెరుగుద్ది అన్న మాటకీ ఒక హద్దు ఉంది. ఆరో తీగ అసలు స్వరం సెకనుకి 82 కంపనాలు. పెద్ద డ్రెడ్‌నాట్ గిటార్లో కూడా డబ్బాలో గాలి బాగా పలికేది సుమారు 100 దగ్గర, టాప్ బాగా పలికేది 200 చుట్టుపక్కల. అంటే ఆ 82ని గిటార్ సరిగ్గా బయటికి పంపలేదు, మనం వినే గుమ్మనే బేస్‌లో చాలాభాగం పై మెట్లని విని మన బుర్ర కల్పించుకునేదే. చిన్న పార్లర్ గిటార్‌కి పదమూడు సెట్టు బిగించి బేస్ రాలేదని బాధపడితే డబ్బాలో లేనిది తీగ ఎక్కడ్నుంచి తెస్తుంది?

ఇప్పుడు రెండు అపోహలు. మొదటిది, సన్న తీగ తొందరగా తెగుద్ది అన్నది. ఒకే శ్రుతికి, ఒకే పొడవుకి బిగించినప్పుడు తీగ సన్నబడి దాని కోత వైశాల్యం ఎంత తగ్గితే దాని మీద లాగుడు కూడా అదే పాళ్ళలో తగ్గుద్ది, కాబట్టి ఉక్కులో ప్రతి చదరపు మిల్లీమీటరు మీద పడే ఒత్తిడి పదికీ పదమూడుకీ ఒకటే. శ్రుతికి బిగించడం వల్ల తెగే ప్రమాదం మందాన్ని బట్టి మారదు. మరి తెగేవి ఎందుకు తెగుతున్నాయంటే పిక్ దెబ్బకి, కీ దగ్గర మెలిక పడ్డ చోట, శాడిల్ మీద పదునైన అంచు దగ్గర, ముఖ్యంగా తుప్పు వల్ల. తుప్పు ఒక పొర తిన్నదంటే సన్న తీగలో పోయే వాటా ఎక్కువ, నిజం అంతవరకే.

రెండోది, సన్న తీగ పక్కకి లాగితే శ్రుతి ఎక్కువ పెరుగుద్ది, లావుది తక్కువ పెరుగుద్ది అన్నది. ఉత్త ఉక్కు తీగల్లో ఇదీ తప్పే. తీగని ఒక సెంటీమీటరు పక్కకి లాగితే రెండిట్లోనూ శ్రుతి దాదాపు ఒకేలా పెరుగుద్ది, మారేది వేలికి పడే కష్టం. పదితో తేలిగ్గా సెంటీమీటరు లాగేస్తాం, పదమూడుతో సగం లాగేసరికి గోరు కింద రక్తం కనిపిస్తుంది, అందుకని లావుది పెరగదని అనిపిస్తుంది. బొబ్బిలి పక్కన గొల్లపల్లిలో పనస చెక్కతో చేసే వీణలు మన జిల్లావే కదా, ఆ వీణ మీద ఒకే మెట్టు దగ్గర తీగని లాగి పై స్వరాలు పలికించి గమకం వేసేవాళ్ళని చూడండి, వాళ్ళ చెవి కొలిచేది ఎంత దూరం లాగారన్నదాన్నే. 1919లో పెట్టిన సంగీత కళాశాల ఉన్న ఊరు, ద్వారం వెంకటస్వామి నాయుడు గారు ఫిడేలు నేర్పిన చోటు, ఇక్కడ తీగ గురించి ఎటుబడితే అటు మాట్లాడితే పట్టేసేవాళ్ళు చాలామందే ఉంటారు, గిటార్ కుర్రాళ్ళు కాస్త ఆ వైపు కూడా చెవి పెడితే మంచిది.

మన ప్రాంతంలో ఇంకో పెద్ద తికమక, సముద్రం గాలి వల్ల వచ్చేది. శ్రీకాకుళం, కళింగపట్నం వైపు గానీ, భోగాపురం వైపు గానీ తీగలు వేసిన కొద్ది వారాలకే గరుకుగా తయారవుతాయి, చెమట చేతులైతే చెప్పక్కర్లేదు. చుట్ల మధ్య మురికి, తుప్పు చేరితే పై స్వరాలన్నీ చచ్చిపోతాయి, సౌండ్ మూగబోతుంది. అప్పుడు ఆ పాత పది సెట్టు తీసి కొత్త పన్నెండు సెట్టు వేస్తారు, సౌండ్ ఒక్కసారి విచ్చుకుంటుంది, 'చూశావా పన్నెండు మహిమ' అంటారు. అది కొత్త తీగ మహిమ గురూ, అదే చోట కొత్త పది వేసినా విచ్చుకునేది. నన్నడిగితే గేజ్ (అంటే తీగ మందం) గురించి జనం చెప్పే అనుభవాల్లో సగం నిజానికి పాతా కొత్తా తేడాలే. వాయించాక పొడిబట్టతో తీగ కింద కూడా తుడవడం, కుదిరితే పైన పూత ఉన్న తీగలు కొనడం, ఈ రెండూ మన ఊళ్ళలో పదా పన్నెండా అన్నదాని కన్నా ఎక్కువ తేడా చూపిస్తాయి. పూత తీగలు ఖరీదే, కానీ ఇక్కడ డబ్బు కిట్టుబాటు అవుద్ది. వానాకాలంలో టాప్ చెమ్మ పీల్చి ఉబ్బి తీగలు కాస్త పైకి లేస్తాయి, అప్పుడు అదే పన్నెండు పదమూడులా బరువనిపిస్తుంది.

డబ్బు పెట్టకుండా మీ గిటార్ మీద తేడా వినాలంటే ఒక మార్గం ఉంది. ఇప్పుడున్న తీగలతోనే ఆరు తీగలూ అర స్వరం కిందకి దించండి, మొదటి ఫ్రెట్‌లో కాపో (తీగలన్నిటినీ ఒకేసారి నొక్కి పట్టే క్లిప్పు) పెట్టండి. శ్రుతి మళ్ళీ మామూలుదే, కానీ బిగువు 11 శాతం తగ్గింది. పన్నెండు సెట్టు మీద ఇలా చేస్తే లాగుడు పదకొండు సెట్టుకి దగ్గరగా వస్తుంది. తీగ బరువు మారలేదు, పొడవు కాస్త తగ్గింది కాబట్టి ఇది అచ్చం పదకొండు కాదు, అయినా చేతికి ఎలా ఉంటుందో, గట్టిగా కొడితే ఎప్పుడు జర్రుమంటుందో, స్నేహితుడు గదికి అవతలి మూల నిలబడి వింటే ఎంత తగ్గిందో తెలిసిపోద్ది. అవతలి మూల నుంచి వినమన్నది ఊరికే కాదు, వాయించేవాడి చెవికి గిటార్ పక్కనుంచి వినబడుతుంది, ముందుకి వెళ్ళే సౌండ్ వేరే. ఈ పని చేశాక కూడా నాకు పన్నెండే కావాలి అనేవాడు నిజంగా పన్నెండు మనిషే.

గేజ్ మార్చాలని తేల్చుకుంటే ప్యాకెట్ ఒక్కటి కొంటే సరిపోదు, గిటార్ కూడా దానికి సర్దుకోవాలి. లావుకి వెళ్తే మెడ ముందుకి వంగుతుంది, తీగలు ఎత్తవుతాయి. సన్నానికి వెళ్తే మెడ వెనక్కి పోయి మొదటి రెండు మూడు ఫ్రెట్లలో జర్రుమంటుంది, అందరూ తీగ బాగోలేదంటారు, తప్పు మెడది. మొదటి ఫ్రెట్ దగ్గరా, పద్నాలుగో ఫ్రెట్ దగ్గరా ఆరో తీగని ఒకేసారి నొక్కి, మధ్యలో ఏడో ఫ్రెట్ పైన తీగకీ ఫ్రెట్‌కీ సందు చూడండి, విజిటింగ్ కార్డు దూరేంత కన్నా తక్కువ సందు ఉండాలి, కానీ కచ్చితంగా ఉండాలి. అసలు లేకపోయినా, మరీ ఎక్కువున్నా మెడలోపల ట్రస్ రాడ్ (మెడ వంపు సరిచేసే ఇనప కడ్డీ) తిప్పాలి, ఒకసారికి పావు చుట్టు కన్నా ఎక్కువ తిప్పకండి, చేతకాకపోతే తెలిసినవాళ్ళకి ఇవ్వండి, విరిగితే మెడ పోయినట్టే. నట్ గాడులు కూడా చూసుకోవాలి, 47కి కోసిన గాడిలో 53 ఇరుక్కుంటుంది, కీ తిప్పుతుంటే కదలదు, కాసేపటికి 'టింగ్' మని ఒక్కసారి జారి శ్రుతి దాటిపోతుంది. గాడిలో పెన్సిల్ ముక్కు రాస్తే కాస్త జారుతుంది, అదీ చాలకపోతే ఆకురాయితో సన్నగా పెంచాలి, లోతు మాత్రం పెంచకూడదు. మరీ లోతైతే నట్టే మార్చాలి.

ఇక నైలాన్ తీగల క్లాసికల్ గిటార్ ఉన్నవాళ్ళు ఈ లెక్కలేవీ పట్టించుకోవద్దు, మీ గిటార్ మొత్తం మోసేది 40 కిలోల చుట్టుపక్కలే. లోపల ఆ గుణకారం పట్టీలుండవు, చాలావాటిలో ట్రస్ రాడ్డూ ఉండదు. దానికి పది సెట్టు ఉక్కు తీగలు వేసినా బ్రిడ్జి ఊడి చేతికొస్తుంది.